పెద్దప్ప నేసిన ప్యాంటు గుడ్డ

ధర్మవరంలో పెద్దప్ప చెయ్యి వేసి చెప్పిన మాటకు అప్పీలు లేదు. పట్టుపోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి రాస్తే చాలు, అది మంచి గూళ్ల పట్టో కాదో, అద్దకం ఎన్నాళ్లు నిలుస్తుందో, చీర అయ్యాక మడతలో చిట్లుతుందో లేదో చెప్పేసేవాడు. ముప్పై అయిదేళ్లుగా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి. వీధిలో ఎవరికి పట్టు మీద అనుమానం వచ్చినా నేరుగా ఆయన అరుగు దగ్గరికే వచ్చేవారు. ఆయనా తక్కువవాడేం కాదు, అడగనివాళ్లకు సైతం చెప్పేవాడు. పెళ్లికి పోయి పెళ్లికూతురి కొంగు పట్టుకు చూసి, జరీలో మోసం ఉందని అక్కడికక్కడే ప్రకటించి, మగపెళ్లివారి మొహాలు మాడ్చి వచ్చిన సందర్భాలు రెండున్నాయి. ఆ రెండు పెళ్లిళ్లలోనూ భార్య సరోజమ్మ విస్తరి ముందు నుంచి లేచి రావలసి వచ్చింది.

2004లో ఆయన కొడుకు సుధాకర్‌కు ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది. బీకాం పాసై రెండేళ్లుగా ఖాళీగా తిరుగుతున్న కుర్రాడు. హిందూపురం అవతల కొత్తగా వచ్చిన ఒక కంపెనీలో ఆఫీసు ఉద్యోగం. ఉత్తరం అడుగున ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది, అభ్యర్థులు బిజినెస్ క్యాజువల్స్‌లో రావాలని. అదేమిటో వీధిలో ఎవరికీ తెలియదు. సుధాకర్ ఎస్టీడీ బూత్ నుంచి బెంగుళూరులోని స్నేహితుడికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. టై అక్కర్లేదు, కోటు అక్కర్లేదు, జీన్సు మాత్రం అసలే పనికిరాదు. మంచి ప్యాంటు, కాలరున్న చొక్కా లోపలికి దోపుకుని, బెల్టు, బూట్లు. అంతే. అయితే ఆ అంతేలోనే తిరకాసంతా ఉంది. సుధాకర్‌కున్న రెండు ప్యాంట్లలో ఒకటి జీన్సు, రెండోది మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన కాలేజీ ప్యాంటు.

"గుడ్డ సంగతి నాకిడిసిపెట్టు" అన్నాడు పెద్దప్ప. ఇల్లంతా నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది. గుడ్డ సంగతి ఆయనకు కాక ఇంకెవరికి వదులుతారు?

తండ్రీకొడుకులు మరుసటి రోజే ప్యాసింజరు బండెక్కి హిందూపురం పోయి ఒక పెద్ద బట్టల అంగడిలో కూర్చున్నారు. అక్కడ గుడ్డలు చూపించేవాడు మడకశిర మనిషి, తెలుగూ కన్నడమూ కలిపి వడ్డించే రకం. పనిలో మాత్రం గట్టివాడే. ఆఫీసు ప్యాంటుకు బూడిద రంగో, ఖాకీ రంగో, ముదురు నీలమో అయితే ఏ చొక్కాకైనా అతుకుతుందన్నాడు. నలుపు మీద మన వైపు దుమ్ము కొట్టొచ్చినట్టు కనబడుతుందన్నాడు. మరీ పల్చటి గుడ్డ అయితే జేబులు బయటికి అచ్చుపోసినట్టు తెలుస్తాయట, మరీ మందం అయితే ఎండాకాలం కాళ్లు ఉడికిపోతాయట. నూలు గుడ్డ చూడ్డానికి దర్జాగా ఉంటుంది కానీ ధర్మవరంలో ఇస్త్రీ చేసి బండెక్కితే పెనుకొండ దాటేసరికి ముడతలు పడి, హిందూపురంలో దిగేసరికి మోకాళ్ల దగ్గర సంచుల్లా సాగుతుందని చెప్పాడు. అందుకని పాలియెస్టరూ విస్కోసూ కలిపిన తాను ఒకటి బల్ల మీద పరిచాడు. ఎంత నలిపినా మళ్లీ నిలబడుతుంది, మడత కత్తిలాగా పడుతుందని దాన్ని గుప్పిట్లో నలిపి చూపించాడు. అన్నింటికన్నా ముఖ్యమైన మాట చివర్న చెప్పాడు, ఆఫీసు ప్యాంటుకు మెరుపు ఉండకూడదని.

పెద్దప్ప నివ్వెరపోయాడు. మెరుపు కోసమే పుట్టి, మెరుపు నేసి, మెరుపు అమ్ముకుని బతికిన మనిషి ముందు, గుడ్డకు మెరుపు దోషమని చెప్పేవాడొకడు ఉంటాడని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆ తాను అంచు నుంచి ఒక పోగు లాగాడు. గుమ్మంలో బీడీ కాలుస్తున్న మనిషిని అగ్గిపెట్టె అడిగి పుచ్చుకుని, బట్టల అంగడి నడిమధ్యన, చుట్టూ ఆడవాళ్లు చీరలు చూసుకుంటూ ఉండగా, ఆ పోగుకు నిప్పంటించాడు. అది బూడిద కాలేదు. ముడుచుకుని నల్లటి గింజలా గట్టిపడి, కాలిన ప్లాస్టిక్ బిందె వాసన కొట్టింది. గల్లాపెట్టె దగ్గరి యజమాని పరుగెత్తుకొచ్చాడు. పెద్దప్ప ఆ గింజను అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు.

"దీంట్లోనా మా పిల్లోడు కూర్చునేది?" అని అడిగి లేచాడు. సుధాకర్ తల వంచుకుని వెంట నడిచాడు. వాడికి ఆ బూడిద రంగు గుడ్డ బాగానే నచ్చింది. ఆ మాట అనడానికి నోరు రాలేదు.

తిరుగు బండిలోనే పెద్దప్ప నిర్ణయం జరిగిపోయింది. ఇంటర్వ్యూకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. కొడుకు ప్యాంటు గుడ్డ తనే నేస్తాడు. పడుగు పట్టు, పేక సన్న నూలు, రంగు బూడిద. ఆ మడకశిర మనిషి మాటను మన్నించి మెరుపు మాత్రం కాస్త అణుస్తాడు. నేతగాడి కొడుకు మిల్లు గుడ్డ తొడుక్కుని ఉద్యోగానికి పోతే చూసేవాళ్లు ఏమంటారని సరోజమ్మను అడిగాడు. ఎవరూ ఏమీ అనరని ఆమెకు తెలుసు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఆడది కాబట్టి మారుమాట్లాడకుండా నూలు కండెలకు చుట్టడానికి కూర్చుంది.

గుడ్డ వచ్చింది. నిజం చెప్పుకోవాలి, చాలా అందంగా వచ్చింది. వాన రాబోయే ముందు ఆకాశం రంగు, చేత్తో ఎత్తితే బరువు తెలియకుండా జారే ఒడుపు. వీధి వీధంతా వచ్చి చూసింది. చీరలు తప్ప ఇంకొకటి ఎరగని మగ్గం మీద మగవాడి ప్యాంటు గుడ్డ దిగిందని కొందరు నోళ్లు వెళ్లబెట్టారు, కొందరు చాటుకు పోయి నవ్వుకున్నారు.

కుట్టించడానికి పెనుకొండలో రామప్పను ఎంచుకున్నారు. బస్టాండు దగ్గర చిన్న అంగడి, ఊళ్లోని ఆఫీసర్లందరి ప్యాంట్లూ ఆయన చేతి మీదే పోతాయి. రామప్ప గుడ్డను బల్ల మీద పరిచి, రెండు చేతులా అటూ ఇటూ లాగి చూశాడు. తర్వాత, ఇది కుట్టు మోస్తుందా అని నెమ్మదిగా అడిగాడు. చీర వేరు, అది ఒంటికి చుట్టుకునేది, ఎటు లాగితే అటు వస్తుంది. ప్యాంటు అలా కాదు, కూర్చున్న ప్రతిసారీ మనిషి బరువంతా ఒక్క కుట్టు మీద పడుతుంది. పట్టు రవికెలకు కూడా లోపల లైనింగ్ వేసి గానీ కుట్టడం లేదని ఆయన చెప్పబోతుంటే పెద్దప్ప మధ్యలోనే ఆపేశాడు. నా గుడ్డకు వంక పెట్టిన మనిషి ఇంకా పుట్టలేదు, నీ పని నువ్వు చెయ్యప్పా అని కొలతలు ఇప్పించి వచ్చాడు.

ఇంటర్వ్యూకి ముందురోజు సుధాకర్ ఒక్కడే పెనుకొండ పోయి, సాయంత్రానికి ప్యాంటును పేపర్లో చుట్టుకుని తెచ్చాడు. ఇంటి ముందు అప్పటికే ఏడెనిమిది మంది కూడి ఉన్నారు, పెద్దప్పే పిలిచి పెట్టాడు. అందరి ఎదుటా ఆయనే పొట్లం విప్పాడు. బూడిద రంగు ప్యాంటు, నడుము దగ్గర రెండు కుచ్చిళ్లు, కత్తిలాంటి ఇస్త్రీ మడత. పెద్దప్ప దాన్ని ఒళ్లో పెట్టుకుని పై నుంచి కింది దాకా అరచేత్తో నిమిరాడు. అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. కళ్లు మూసుకున్నాడు కూడా. సుధాకర్ గుమ్మం పట్టుకుని కదలకుండా నిలబడి తండ్రి చేతినే చూస్తున్నాడు.

"చూడండబ్బా" అన్నాడు పెద్దప్ప. "మిల్లు గుడ్డకు ఈ మెత్తదనం యాడనుంచి వస్తాది?"

సుధాకర్ ఏదో చెప్పబోయి నోరు తెరిచి, తెరిచినట్టే ఉండిపోయాడు. పిల్లవాడికి రేపటి భయం పట్టుకుందని అంతా అనుకున్నారు.

ఉద్యోగం వచ్చింది. వచ్చింది సుధాకర్‌కు అని కంపెనీ కాగితంలో ఉంది, వీధిలో మాత్రం పెద్దప్ప గుడ్డకే వచ్చినట్టు లెక్క. ఇంటర్వ్యూ చేసిన పెద్దసారు ముందు ప్యాంటు చూశాడు, ఆ తర్వాతే సర్టిఫికెట్లు చూశాడని పెద్దప్పే చెప్పుకున్నాడు. ఆ సారును ఆయన ఎప్పుడు కలిశాడని ఎవరూ అడగలేదు. దినామూ ఉదయం ఆ ప్యాంటు తొడుక్కుని కొడుకు హిందూపురం బండికి పోతుంటే, అరుగు మీద కూర్చుని వీధి మలుపు దాకా చూపుతో సాగనంపేవాడు. ప్యాంటుకు ఒక్క ముడత ఉండేది కాదు. నాలుగు నెలలైనా మోకాళ్లు సాగలేదు. ఇదిరా చేనేత అని వచ్చేపోయేవాళ్లను నిలబెట్టి చూపించేవాడు.

గర్వం అక్కడితో ఆగి ఉంటే కథే లేదు. షావుకారు పెళ్లిచీరకు పంపిన పట్టును పెద్దప్ప వెనక్కి పంపేశాడు. మగ్గం మీద పద్దెనిమిది మీటర్ల ప్యాంటు గుడ్డకు పడుగు వేశాడు. చీరలు నేసేవాళ్లు వెయ్యిమంది, ఆఫీసు ప్యాంటు గుడ్డ నేసేవాడు నేనొక్కణ్ణే అన్నాడు. సుధాకర్ ఆ రోజు తెల్లమొహం వేసుకుని మగ్గం గుంత దగ్గరికి వచ్చాడు. వద్దు నాయనా అన్నాడు. ఎందుకొద్దంటే చెప్పలేడు. ఇంకోసారి వద్దన్నాడు. ఉద్యోగం రాగానే తండ్రికి బుద్ధి చెప్పే పెద్దమనిషి అయిపోయావా అని పెద్దప్ప కసిరితే మొహం తిప్పుకుని బండికి పోయాడు.

మొదటి ముక్క కోసుకున్నది అశ్వత్థప్ప. పెనుకొండలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా, కూతురి పెళ్లికి చీర చూద్దామని వచ్చినవాడు. వచ్చిన పని చీర, పట్టుకెళ్లింది ప్యాంటు గుడ్డ. పెద్దప్ప నోటి ధాటి అటువంటిది. రామప్ప దగ్గర పని ఎక్కువగా ఉందని ఆయన హిందూపురంలో ఎవరో టైలరు చేత కుట్టించుకున్నాడు.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఎస్టీడీ బూత్ నుంచి మనిషి పరుగెత్తుకొచ్చి, పెనుకొండ నుంచి ఫోన్ వచ్చిందనీ, అశ్వత్థప్ప ఉన్నపళంగా రమ్మంటున్నాడనీ చెప్పాడు. జరిగింది ఇది. ఆ రోజు జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. అశ్వత్థప్ప ఆ కొత్త ప్యాంటు వేసుకుని పోయాడు. ఫలానా రిజిస్టరు తియ్యమంటే, బీరువా అడుగు అరలో ఉన్నదాన్ని తీయడానికి వంగాడు. వెనక చర్రుమంది. నడుము కింద మొదలై తొడ దాకా తెరుచుకుంది. గదిలో ఆఫీసరు ఉన్నాడు, ఇద్దరు మహిళా ఉద్యోగులు ఉన్నారు. పాతికేళ్ల సర్వీసులో ఒక్క మాట పడని అశ్వత్థప్ప ఆ రిజిస్టరునే వెనక అడ్డం పెట్టుకుని, గోడకు వీపు ఆనించి, ఆఫీసరు వెళ్లేదాకా మూడు గంటలు బొమ్మలా నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు, టీ ఇస్తే అందుకోలేదు. ఆయనకేమన్నా వాతం కమ్మిందా అని ఆఫీసరే అడిగాడట.

పెద్దప్ప అదిరిపడ్డాడు కానీ బెదరలేదు. తప్పు ఎక్కడుందో ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. హిందూపురం టైలరుకు పట్టు కుట్టడం రాదు, అంతే. బండెక్కి పెనుకొండలో దిగి, ఇంట్లో లుంగీ కట్టుకుని మొహం గోడకు పెట్టి పడుకున్న అశ్వత్థప్పను లేపి, చిరిగిన ప్యాంటును చంకన పెట్టుకుని, ఆయన్ను చెయ్యి పట్టుకుని రామప్ప అంగడికి లాక్కొచ్చాడు. దారి పొడుగునా ధైర్యం చెబుతూనే ఉన్నాడు. చెయ్యి తిరిగినవాడు కుడితే నా గుడ్డ ఎట్లుంటాదో ఆయన నోటితోనే విందువు రా అన్నాడు.

అంగడిలో నలుగురు ఉన్నారు. పెద్దప్ప ప్యాంటును బల్ల మీద పరిచి, ఇది ఎవరో చెడగొట్టిన పని, దీంట్లో కుట్టు తప్పు ఎక్కడుందో ఈయనకు చూపించమని రామప్పను అడిగాడు. రామప్ప కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ఒకసారి చూసి ప్యాంటును మడిచేసి, ఇక్కడ పెట్టి పోండి, తీరిగ్గా చూస్తానన్నాడు. పెద్దప్ప వినలేదు. ఇప్పుడే చెప్పాలి, నలుగురిలో చెప్పాలి అని పట్టుబట్టాడు. పాపం, అడిగి మరీ తెచ్చుకున్నాడు.

"మా సుధాకర్ ప్యాంటు నువ్వేగదప్పా కుట్టింది. నాలుగు నెలల్నుంచి దినామూ తొడుగుతాండాడు. ఒక్క పోగు జరగలేదు. చెప్పు ఈయప్పకు" అన్నాడు.

రామప్ప పెద్దప్ప మొహంలోకి చూశాడు. తర్వాత అశ్వత్థప్ప మొహంలోకి చూశాడు. ఆయన చేతిలో కత్తెర ఉంది, దాన్ని బల్ల మీద పెట్టాడు. లేచి లోపలికి పోయి, పెట్టె మూత తీసిన చప్పుడైన కాసేపటికి, ఒక పాత పేపరు పొట్లంతో వచ్చాడు. దాన్ని విప్పి అశ్వత్థప్ప ప్యాంటు పక్కనే పరిచాడు. అదీ బూడిద రంగు ప్యాంటే. వెనక భాగం నడుము నుంచి కిందికి తెరుచుకుని ఉంది.

"ఇదెవరిది?" అన్నాడు పెద్దప్ప.

"నీదేప్పా. నువ్వు నేసిచ్చిన గుడ్డ."

పెద్దప్పకు మాట అర్థం కాలేదు. రామప్ప వేలు పెట్టి చూపించాడు. దారం తెగలేదు. కుట్టు ఊడలేదు. కుట్టు ఉన్నచోట ఉన్నట్టే ఉంది. దాని పక్కనున్న పట్టుపోగులు మాత్రం ఒకదాన్నొకటి వదిలేసి జారిపోయాయి, నూలు పేక జల్లెడలా మిగిలింది. రెండు ప్యాంట్లదీ అదే దెబ్బ. హిందూపురం టైలరు తప్పేమీ లేదు. జారడం పట్టు గుణం. కుచ్చిళ్లు పోసి కట్టుకునే చీరకు ఆ గుణమే అందం.

అప్పుడు రామప్ప జరిగిందంతా చెప్పాడు. ఇంటర్వ్యూ ముందురోజు సుధాకర్ వచ్చి ఈ ప్యాంటు తొడుక్కుని చూశాడు. బాగుంది. ఒకసారి కూర్చుని చూడమని రామప్పే స్టూలు వేశాడు. కూర్చోగానే విచ్చుకుంది. పిల్లవాడు లేచి నిలబడి ఏడ్చినంత పని చేశాడట. పక్క అంగడిలో అదే రంగు పాలియెస్టరు మిల్లు గుడ్డ ఉంటే రామప్పే తెచ్చి, ఉన్న పనులన్నీ పక్కన పడేసి, మూడు గంటల్లో కుట్టి ఇచ్చాడు. ఇప్పుడు సుధాకర్ తొడుక్కుని తిరిగేది అదే.

"మోసం చేద్దామని కాదప్పా" అన్నాడు రామప్ప. "నాయన చెయ్యి పెట్టంగానే కనిపెట్టేస్తాడు, అప్పుడు చెప్తాలే అన్యాడు పిల్లోడు. నేనూ అట్లే అనుకుంటి. నీ చేతికి తెలకుండా పోతాదని ఎవురనుకుంటారు?"

అశ్వత్థప్ప తన అవమానాన్ని కూడా మరిచిపోయి పెద్దప్పను చూస్తున్నాడు. పెద్దప్ప బల్ల మీద ఆనించిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గుడ్డ విచ్చుకుపోయినందుకు కాదు. గుడ్డ అన్నాక చిరుగుతుంది, నేత అన్నాక తప్పు పోతుంది, దానికి ఏడ్చేవాడు నేతగాడే కాదు. ఆయనను కొయ్యబార్చింది వేరే. ఆ సాయంత్రం ఎనిమిది మంది ముందు ఒళ్లో పెట్టుకుని నిమిరింది మిల్లు గుడ్డను. కళ్లు మూసుకుని మెత్తదనం మెచ్చుకున్నది పాలియెస్టరును. నిప్పు పెట్టి వాసన చూపించి లోకమంతా చాటిన ఆ రకం గుడ్డనే, నాలుగు నెలలుగా తన గుడ్డ అనుకుని మురిసిపోయాడు.

కొడుకుకని కుట్టించిన ఆ విచ్చుకున్న ప్యాంటును తీసుకుని స్టేషనుకు నడిచాడు. అశ్వత్థప్ప ఏదో అంటూ కొంతదూరం వెంట వచ్చాడు, ఏమన్నాడో పెద్దప్ప చెవికి ఎక్కలేదు. బండిలో కిటికీ పక్కన కూర్చున్నాక తన కుడిచెయ్యి తనకే కొత్తగా కనబడింది. కిటికీ కమ్మీని ముట్టుకున్నాడు, చల్లగానే తగిలింది. తువ్వాలును ముట్టుకున్నాడు. తువ్వాలని కళ్లకు తెలుస్తోంది. వేళ్లకు తెలుస్తోందా? ఆ ప్రశ్న ఆయన బతుకులో ఎన్నడూ వేసుకోలేదు. చేతికి తెలియడమంటే ఊపిరి తీసుకోవడమంత మామూలు పని. ఊపిరి ఆడుతోందా అని ఎవరైనా తడిమి చూసుకుంటారా? ధర్మవరం వచ్చేదాకా తువ్వాలును వేళ్ల మధ్య నలుపుతూనే ఉన్నాడు. ఎదుటి సీట్లో కూర్చున్నామె, ఈ మనిషి ఎవరినో పోగొట్టుకుని వస్తున్నట్టున్నాడని కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

ఇల్లు చేరేసరికి సుధాకర్ కూడా ఆఫీసు నుంచి వచ్చి ఉన్నాడు. తండ్రి చంకలో ఉన్నదేమిటో చూడగానే వాడికి అంతా తెలిసిపోయింది. తిట్టించుకోవడానికి సిద్ధపడి గోడవారగా నిలబడ్డాడు. పెద్దప్ప తిట్టలేదు. ఒంటి మీదున్న ప్యాంటు విప్పి ఇవ్వమన్నాడు. సుధాకర్ లుంగీ కట్టుకుని వచ్చి ప్యాంటు తండ్రి చేతిలో పెట్టాడు.

"ఆ పొద్దు నువ్వు చెయ్యి పెట్టంగానే నేను దొరికిపోతా అనుకుంటి నాయనా" అన్నాడు. "నువ్వు బాగుండాది అంటివి. నాకు ఒళ్లు చల్లబడిపాయె. ఇంగ నేనేం చెప్తును?"

పెద్దప్ప అరుగు మీద కాదు, ఇంటి లోపల, మగ్గం పక్కన కూర్చున్నాడు. సరోజమ్మను ఎదురుగా కూర్చోమన్నాడు. రెండు ప్యాంట్లనూ ఆమెకిచ్చి, కళ్లు మూసుకుని రెండు చేతులూ చాపాడు. ఏది ఎందులో పెడుతున్నావో చెప్పకుండా పెట్టమన్నాడు. ఆమె కొంచెంసేపు తటపటాయించి, చెరొక చేతిలో ఒకటి పెట్టింది.

కుడిచేతిలోది నలిపాడు. ఎడమచేతిలోది నలిపాడు. చేతులు మార్చుకుని మళ్లీ నలిపాడు. అంచులు వెతికి పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, వేలాది చీరల పట్టును అడిగినట్టే వాటినీ అడిగాడు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఒకటి తన మగ్గం మీద పుట్టింది, ఒకటి ఏ మిల్లులో పుట్టిందో తెలియదు, రెండూ మందపాటి గుడ్డ చాటు నుంచి తగులుతున్నట్టు దూరంగా, మొద్దుగా తగిలాయి. ఆయనకు భయం వేసింది. పెళ్లాం ముందు, కొడుకు ముందు, యాభై ఎనిమిదేళ్ల మనిషికి చీకట్లో తప్పిపోయినంత భయం వేసింది.

"ఎన్నాళ్లాయె?" అని అడిగాడు కళ్లు తెరవకుండానే. ఆమెకు తెలిసే ఉంటుందని ఆ క్షణాన ఎలా తోచిందో ఆయనకే తెలియదు.

సరోజమ్మ దాచలేదు. రెండేళ్లయిందంది. సుగరు ఉందని తెలిసిన ఏడాది కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని డాక్టరు దగ్గరికి పోతే, చేతులకు కూడా రావచ్చని ఆయన అన్నాడు, పెద్దప్ప ఆ మాట చెవిన పెట్టలేదు. ఆ తర్వాత రెండుసార్లు నకిలీ పట్టును మంచిదని చెప్పి పంపేశాడు. ఆ రెండుసార్లూ ఆమె వెనకవాకిలి నుంచి పోయి, అడిగినవాళ్లకు నిజం చెప్పి వచ్చింది. అప్పటి నుంచి ఇంటికి ఏ పట్టు వచ్చినా ఆయన చూశాక ఆమె మళ్లీ చూస్తోంది. వీధిలో వచ్చి అడిగేవాళ్లు కూడా, ఆయన చెప్పిందంతా తలూపి విని, పోతూ పోతూ పెరట్లోకి వచ్చి ఆమెను అడిగి పోతున్నారు.

"అందరికీ తెలుసునా?" అన్నాడు.

"నిన్ను చిన్నబుచ్చడం ఎవురికీ ఇష్టం లేదు" అంది సరోజమ్మ.

సుధాకర్ గోడ దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. పెద్దప్పకు ఏడుపు రాలేదు. రెండేళ్లుగా తన అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడి విన్న మొహాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్లంతా తన చేతిని నమ్మి నిలబడ్డారనుకున్నాడు, తన మీద దయతో నిలబడ్డారు. పెళ్లిళ్లలో కొంగులు పట్టుకుని మనుషుల పరువు తీసిన తనకు ఊరు ఇంత మర్యాద చేసింది. అది తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లంతా మండింది.

మగ్గం మీద ఇంకా పన్నెండు మీటర్ల బూడిద రంగు పడుగు బిగించి ఉంది. పెద్దప్ప కళ్లు మూసుకునే, కుడిచేతిలో ఉన్న గుడ్డను భార్య వైపు చాచాడు.

"ఇది ఏం గుడ్డో చెప్పు" అన్నాడు.

సరోజమ్మ దాన్ని వేళ్లతో తాకి చెప్పింది. గుడ్డ గురించి పెద్దప్ప ఇంకొకరిని అడగడం అదే మొదటిసారి.